ఎవరూ ముట్టుకోని బండి

అలా గోరు పెట్టి గీకి చూడకండమ్మా! రంగు ఎంత మందమో ఆ మీటరుతో కొలిచారు కదా, చాలదూ? మీటరంటే మెషీను, దానికి బుద్ధి లేదు, పోనీలే అనుకున్నాను. మీ వేలికి ఉంగరం ఉంది. ఆ రాయి తగిలిందంటే గీత పడుతుంది. గీత పడితే ఆ తలుపంతా మళ్ళీ నేనే రుద్దుకోవాలి. మీకేం, కారెక్కి వెళ్ళిపోతారు.

జరగండి. ఇంకొంచెం. తుడిచేస్తాను. మీ వేలిముద్ర.

ఆ... ఇప్పుడు చూడండి. ట్యూబులైటు కనిపిస్తోందా అందులో? ఆ లైటు గీత డిక్కీ మీద మొదలై, తలుపు మీదుగా, బానెట్ చివరిదాకా ఎక్కడా నలక్కుండా పోవాలి. అదీ పనంటే. నలిగిందా ఎక్కడైనా? చెప్పండి. నలగలేదు. నలగదు.

మరింక తప్పేమిటంట?

తెలుసు, తెలుసు. మీరేమంటారో నాకు తెలుసు. వేలంలో పెట్టిన ఫోటోల్లో వెలిసిపోయిన బండి ఉంది, ఇక్కడ మెరిసే బండి ఉంది. కొన్నాయన లారీ తీసుకుని వచ్చాడు, చూశాడు, వద్దని వెళ్ళిపోయాడు. వెళ్ళి మీ కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. మీరేమో ఆ కంప్యూటరు పలక చేత్తో పట్టుకుని విచారణకి వచ్చారు.

ఊరికే అడుగుతాను, ఏమీ అనుకోకండి. చిరిగిన చొక్కా కొన్నారు. ఇంటికెళ్ళి విప్పి చూస్తే కొత్త చొక్కా ఉంది. ఎవడైనా ఏడుస్తాడా?

వీళ్ళు ఏడుస్తారు!

కూర్చోండి. ఆ స్టూలు మీద కాదు, దానికి పుట్టీ అంటుకుని ఉంది, చీర పాడవుతుంది. ఇదిగో, ఈ కుర్చీ.

మీరు రాగానే అడిగారు. రంగు వెయ్యొద్దని మీ అమ్మాయి మీకు చెప్పలేదా అని. నేనూ చెప్పాను. నాకెవరూ ఏమీ చెప్పలేదు. నాకు చదువు రాదు. సంతకం పెట్టమంటే నా పేరు బొమ్మ గీసినట్టు గీస్తాను. కంప్యూటర్లో అది ఏం రాసిందో నేనెలా చదవను? అంతే. రాసుకున్నారుగా? తిప్పి తిప్పి అడక్కండి.

ఎటు చూస్తున్నారు? ఆ బీరువానా? రంగు డబ్బాలు పెట్టే బీరువా. తాళం పాతది, దానంతటదే ఊడింది. మీరు బండి చూడ్డానికి వచ్చారా, బీరువా చూడ్డానికా?

ఈ షెడ్డు నాదమ్మా. మీసం రాని వయసు నుంచీ నాకు ఇదే పని. డెంటింగు, పెయింటింగు. గుద్దుకుని నలిగిపోయిన రేకుని తీసుకొస్తే సుత్తితో తట్టి తట్టి మళ్ళీ పుట్టినప్పటిలా చేసి పంపేవాణ్ణి. రంగు పూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పూసేవాణ్ణి కాను. ఆ తేడా తెలిసినవాళ్ళే నా దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఒకప్పుడు ఒక ఇన్సూరెన్సు ఆయన, నేను వేసిన రంగు చూసి, కింద నున్నగా లేదు, నారింజ తొక్కలా ఉందే అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకోండి. అప్పట్నుంచీ ఆయన ఎదురొస్తే నేను రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయేవాణ్ణి. మొన్నామధ్య పోయాడని చెప్పారు. అయినా సరే, ఇప్పటికీ ఆయన వీధిలో అడుగు పెట్టను.

నవ్వుతున్నారా? నవ్వండి.

మా అమ్మాయిది వేరే దారి. పాత స్పోర్ట్స్ కార్లు. రెండే సీట్లుండి, నేలని కరుచుకుని పోతాయే, అవి. ఎక్కడెక్కడో గోనెసంచుల కింద పడున్నవి వెతికి పట్టుకొస్తుంది. ఇంజను బాగుచేయిస్తుంది, బ్రేకులు వేయిస్తుంది, మీ ఆన్‌లైన్ వేలంలో పెడుతుంది. మొదట్లో నాకేమీ అర్థం కాలేదు. వేలంపాట అంటే నలుగురూ చేరి గొంతు చించుకోవాలి కదా? ఇదేం పాటమ్మా, ఎవడింట్లో వాడు కూర్చుని, చప్పుడు లేకుండా! ఇక అయిపోయింది అనుకునేసరికి ఎవడో ఒకడు పాట పెంచుతాడు, గడియారం మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. చూసేవాడికి గుండెపోటు రావాలి.

అది పెట్టే ఫోటోలు చూశారుగా? ప్రతి గీతకీ ఒక ఫోటో. ప్రతి సొట్టకీ ఒక ఫోటో. సొట్ట పక్కన ఒక అగ్గిపుల్ల పెట్టి మరీ తీస్తుంది, ఎంత సైజో కొనేవాడికి తెలియాలని.

"అదేంటే! పెళ్ళాం దగ్గర కూడా మనిషి ఇన్ని లోపాలు ఒప్పుకోడు. చూపించి అమ్ముతావా?" అన్నాను.

"చూపిస్తేనే కొంటారు నాన్నా. నేను చెప్పింది చెప్పినట్టు ఉంటుందనే కదా నా బండి కళ్ళతో చూడకుండా పాడుతున్నారు" అంది.

అక్కడ దాన్ని అగ్గిపుల్ల అక్క అంటారట. అగ్గిపుల్ల అక్క పెట్టిందా, అయితే కళ్ళు మూసుకుని పాడొచ్చు అంటారట. దానికి ఉన్నదంతా ఆ పేరేనమ్మా. మొగుడు విడిచిపెట్టి పోయినప్పుడు కూడా అది ఏడవలేదు. ఎవడో ఒకసారి, నువ్వు చూపించని గీత ఒకటి ఉంది అని రాస్తే మటుకు అన్నం మానేసింది. తర్వాత తేలింది, ఆ గీత వాడి గేటుకి రాసుకుని పడిందని.

నాకు పని లేకుండా పోయింది మాత్రం నిజం. దగ్గొస్తోంది నాన్నా, ఆ పొగ నీకు పడదు అని, రంగు అవసరమైన బండి కొనడమే మానేసింది. బీరువాకి తాళం వేసింది. నా చేతులు వణకడం చూసింది. చూసి కూడా ఆ మాట అనదు, దగ్గు మీద పెడుతుంది. నాకు తెలియదా?

సరే. ఈ కప్ప దగ్గరికి వస్తాను. కప్ప అనే అంటాం దీన్ని. ఆకుపచ్చ రంగు, కళ్ళు బయటికి పొడుచుకొచ్చినట్టు ఆ లైట్లు, కూలబడ్డట్టు ఆ వెనక భాగం. కప్ప కాకపోతే ఏంటి?

ఒక పళ్ళ డాక్టరుది. ఆయన పోయాక ఆయన భార్య అమ్మింది. తీసుకురావడానికి నేనూ వెళ్ళాను. వాళ్ళ షెడ్డు తలుపు తీసి చూస్తే ఏముంది! బానెట్ మీద రంగు ఎండకి సున్నంలా తేలిపోయింది. అంచులు పొక్కులెక్కాయి. డ్రైవరు వైపు తలుపు పైన, ఇదిగో ఇక్కడ, అద్దం దిగే చోట, అరచేతి వెడల్పున రంగే లేదు. రేకు కనిపిస్తోంది, నున్నగా, నాణెంలా. ఆయన మోచెయ్యి పెట్టుకునే చోటట. అన్నేళ్ళూ ఆ మోచెయ్యి రాసుకుని రాసుకుని రంగు పోయింది. బండి లారీ ఎక్కించేముందు ఆవిడ వచ్చి ఆ చోటు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

మా అమ్మాయి మొహం చూడాలి! దీపం పెట్టినట్టుంది. "నాన్నా, ఫ్యాక్టరీలో వేసిన రంగు నాన్నా ఇది! ఇన్నేళ్ళలో దీన్ని ఎవ్వరూ ముట్టుకోలేదు!" అంది.

ముట్టుకోలేదు. అదీ పొగడ్త.

జీవితమంతా ముట్టుకునే బతికాను తల్లీ నేను. దాన్ని చదివించింది, దాని పెళ్ళి చేసింది, ఈ చేతులు రేకుని ముట్టుకుంటేనే. ఇప్పుడు నా కూతురే నా ఎదురుగా నిలబడి, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి ఇది బంగారం అంటోంది. లారీలో ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చాను.

పాట మొదలైంది. రోజూ టీ తాగుతూ, జనం కింద రాసే కామెంట్లు నాకు చదివి వినిపించేది. ఒకడు టైర్ల గురించి అడుగుతాడు. ఒకడు వాళ్ళ బాబాయికి ఇలాంటిదే ఉండేదంటాడు. బాగానే ఉంది కాలక్షేపం. అందులో ఒకడు ముసలి గేరు అని పేరు పెట్టుకున్నాడు. అసలు పేరు పెట్టుకునే ధైర్యం లేక. వాడు రాసింది చదువుతోంది మా అమ్మాయి, నవ్వుతూ: "ఏ డెంటింగువాడి చేతిలోనూ పడకుండా బతికిపోయింది ఈ బండి, దాని అదృష్టం."

చదివేసింది. చదివాక చూసింది నా వైపు. నవ్వు ఆగిపోయింది.

"వాళ్ళు ఊరికే రాస్తుంటారు నాన్నా" అంది.

"దానికి నువ్వేం రాశావు?" అన్నాను.

అమ్మేవాళ్ళు ప్రతి కామెంటుకీ జవాబు ఇవ్వాలటగా, మీ పద్ధతి? కప్పులోకి చూస్తూ చెప్పింది. "థ్యాంక్స్ అని రాశాను."

థ్యాంక్స్! నా కూతురు, నా షెడ్డులో కూర్చుని, నా స్టూలు మీద! వాడు రాసినదానికి ఎంతమందో చప్పట్ల బొమ్మలు కూడా పెట్టారట. అడిగితే చెప్పింది. అబద్ధం ఆడదు కదా, అడిగితే చెప్పేస్తుంది.

కోపమా? నాకా? ఛ. ఊరికే చెబుతున్నాను. మీరు అన్నీ చెప్పమన్నారని చెబుతున్నాను.

చివరికి ఎవరు గెలిచారో తెలుసుగా. ఆ ముసలి గేరే. అందరూ దిగిపోయినా వాడు దిగలేదు. గడియారం అయిపోవచ్చే ప్రతిసారీ వాడే. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. లారీ వచ్చేలోపు ఇంకో బండి చూసొస్తానని ఊరెళ్ళింది.

అదీ సంగతి. నేను ఒక్కణ్ణే ఉన్నాను. బండి ఉంది. డబ్బు పోసి కొనుక్కున్నాడు పాపం, పొక్కులతో ఏం పంపిస్తాం, మనింటి నుంచి వెళ్ళే బండి మర్యాదగా వెళ్ళాలి అనుకున్నాను. మంచికే చేశాను. రాసుకోండి, మంచికే.

పని ఎలా చేశానో అడగరేం? అది మీ పలకలో గడి లేదా? గీకి, రేకు దాకా దించి, ప్రైమరు కొట్టి, నీళ్ళ గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ కొట్టి, మళ్ళీ రుద్ది. ప్లాస్టిక్ షీట్లు కట్టుకున్నాను, నేలంతా తడిపాను, దుమ్ము లేవకుండా. పాత రంగుకి సరిపడా ఆకుపచ్చ కలిపాను, కప్ప సీటు కింద ఎండ తగలని చోట చూసి, కంటితోనే. రంగు కొట్టే గన్ను పట్టుకున్నాను. చెయ్యి వణకలేదమ్మా. నమ్ముతారా? అన్నం ముద్ద నోటి దాకా తేలేని చెయ్యి, ట్రిగ్గరు నొక్కాక కొయ్యలా నిలబడింది. నా జన్మలో అంత బాగా కొట్టలేదు ఎప్పుడూ.

మా అమ్మాయి నాలుగో రోజు సాయంత్రం వచ్చింది. చేతిలో సంచి కింద పెట్టలేదు. బండి చుట్టూ ఒక్కసారి తిరిగింది. మోచెయ్యి చోటు దగ్గర ఆగింది. అక్కడేముంది, నున్నటి ఆకుపచ్చ. అప్పుడంది:

"బాగా వచ్చింది నాన్నా."

అంతే. లోపలికి వెళ్ళిపోయింది. తిట్టొచ్చుగా? గిన్నెలు విసరొచ్చుగా? తిడితే నేనూ నాలుగు అనేవాణ్ణి. ఎప్పట్నుంచో దాచుకున్నవి ఉన్నాయి. ఏదీ, అననిస్తేనా! ఆ మాట అనేసి నా నోరు కట్టేసింది.

కొన్నాయనకి అప్పుడే ఫోన్ చేసి చెప్పేసిందట, జరిగింది ఇదీ అని. అయినా వచ్చాడాయన మర్నాడు. కళ్ళతో చూడాలని కాబోలు. ముసలి గేరంటే ఎలా ఉంటాడో అనుకున్నాను, బలిసిన మనిషి, నల్లకళ్ళద్దాలు... నాకంటే పెద్దవాడమ్మా. కర్ర పట్టుకుని దిగాడు. నేను మొహం గంటు పెట్టుకుని ఇక్కడే నిలబడ్డాను, అననీ, ఒక్క మాట అననీ అని. ఆయన నన్ను చూడనే లేదు. తిన్నగా ఈ తలుపు దగ్గరికి వచ్చి, ఇక్కడ తడిమాడు. గుడ్డివాడు తడిమినట్టు తడిమాడు.

"ఇక్కడ... మోచెయ్యి..." అన్నాడు.

మా అమ్మాయి ముందుకొచ్చింది. "తప్పు నాదండీ. బండి నా పూచీలో ఉంది" అంది. నా పేరు ఎత్తలేదు. మీకూ అదే చెప్పి ఉంటుంది లోపల. చెప్పిందా? చూశారా. అదే మాట.

ఏంటది? ఇప్పుడేదో నొక్కారు. ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయింది. పంపించేశారా?

ఏమని?

ఆగండి, ఆగండి. మెల్లగా చెప్పండి. అమ్మకం రద్దు. సరే, అది తెలిసిందే. ఆ తర్వాత? దాని ఖాతా... మూసేశారా? అంటే కొన్నాళ్ళా? ...ఎప్పటికీనా?

ఎందుకని? చేసింది నేనైతే! నిర్లక్ష్యమా? దానిదా? సంగతి తెలియని మనిషి చేతిలో బండి వదిలేసి పోయిందనా? ఒక్క ముక్క చెప్పి పోయుంటే సరిపోయేదనా? అట్లాగని రాశారా? అగ్గిపుల్ల పెట్టి ఫోటో తీసే పిల్ల నిర్లక్ష్యం చేసిందని రాశారా మీరు!

మరి... ఒక మాట అడుగుతాను. అది చెప్పిందే అనుకోండి. వద్దని చెప్పింది, అయినా ఇంకొకడు కావాలని చేశాడు. అప్పుడు? అప్పుడు దాని తప్పు లేనట్టేనా? ఖాతా ఉండేదా?

ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా!

...అడిగారు. అవును. రాగానే మీరడిగిన మొదటి మాట అదే.

చెప్పిందమ్మా. చెప్పింది. ముట్టుకోవద్దు నాన్నా, ఈ వెలిసిన రంగుకే ఆయన పాడాడు అని చెప్పింది. ఊరెళ్ళేముందు మళ్ళీ చెప్పింది, నా గడ్డం పట్టుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. కప్ప మీద దుప్పటి కప్పి తాడుతో కట్టింది. బీరువా తాళం చెవి సంచిలో వేసుకుని పోయింది. ఆ తాళం ఊడలేదు. సుత్తితో కొట్టాను.

మంచికి కాదు. మర్యాదకీ కాదు. వాడు రాసిన ఆ మాటకి. డెంటింగువాడి చేతిలో పడలేదన్నాడుగా, పడితే ఎలా ఉంటుందో చూస్తాడని. మోచెయ్యి చోటే ముందు గీకాను. అన్నిటికంటే ముందు అదే. అది పోతే వాడు గుండె బాదుకుంటాడని తెలిసే గీకాను.

రాయండి ఇది. పలక తీయండి. మళ్ళీ తెరవండి. నేను సంతకం గీస్తాను.

తెరుచుకోదా? పైన ఎవరో ఉంటారుగా, ఫోన్ చెయ్యండి. నేను మాట్లాడతాను, నాకివ్వండి. ...వాళ్ళకీ మీరు పంపిందే కనిపిస్తుందా. ముందు చెప్పిన మాటే లెక్కా. రెండోసారి చెప్పింది లెక్కలోకి రాదా. కూతుర్ని కాపాడుకోవడానికి అబద్ధం చెబుతున్నాను అనుకుంటారా.

అలాగా.

నిజం చెప్పడం కూడా ఆలస్యంగా చేస్తే పాడు పనే అయిందన్నమాట.

వెళ్ళొస్తారా. మంచిది. లోపలికి వెళ్ళి దానికి మీరే చెప్పండి, నాకు నోరు రాదు. నేనిప్పుడు మీతో అన్నది మాత్రం చెప్పక్కర్లేదు. దానికి తెలుసు. ఆ తాళం చూసినప్పుడే తెలుసు. తెలిసే అంది, బాగా వచ్చిందని.

ఒక్క నిమిషం. అలా నిలబడండి, లైటుకి అడ్డు రాకుండా. ఇలా వంగి చూడండి, తలుపు కింద, అంచు పక్కన. కనిపించిందా? రంగు జారింది. కన్నీటి చుక్కంత. మీ మీటరుకి దొరకలేదు, ఆయనకి దొరకలేదు, నాకూ ఇప్పుడే కంటపడింది. ఛీ.

రేపు పొద్దున్నే గీకేసి మళ్ళీ కొట్టాలి, ఈ తలుపంతా.

ఎందుకంటారేం? ఎలాగూ పాడయింది. పాడయిందైనా, మచ్చ లేకుండా పాడవనివ్వండి.